తప్పు డబ్బుతో కొన్న రిసీవరు

నడికుప్పం అనే జాలరి పల్లెలో చెయ్యి లేపితే తప్పు కట్టాల, అంటే జరిమానా. చెంపదెబ్బకు ఒక రేటు, నెత్తురు కనబడితే దానికి రెండింతలు, తెడ్డో గడకర్రో అందుకుంటే మూడింతలు. ఎవరు ముందు కొట్టినారు, ఎవరిది న్యాయం అనే యవ్వారం ఊరి తగాదాలు తీర్చే పెద్దకాపు దగ్గర కుదరదు. కొట్టినావా? కట్టు. అంతే. ఆ డబ్బంతా గంగమ్మ గుళ్ళో ఉండే రేకుపెట్టెలో పడతాది. ఏడాదికోసారి, తిరణాలకు ముందు పెట్టె తెరిచి ఊరుమ్మడికి పనికొచ్చేది ఏదైనా కొంటారు. గుడి ముందర దీపాలు అట్టా వచ్చినవే. తుఫాను షెల్టర్లో గోడకుండే పెద్ద టీవీ, దాని చుట్టూ నిలబెట్టిన నల్లబాక్సులు అట్టా వచ్చినవే. ఎవరి పన్ను ఊడితే ఏ బాక్సు వచ్చిందో వేలుపెట్టి చూపించే మహానుభావులు కూడా ఉండారు. నవ్వబాకండి. వాకాడు దాటి సముద్రం ఒడ్డుకొచ్చి చూడండి, ఇక్కడ నోటికంటే చెయ్యే ముందు లేస్తాది.

ఈ ఏడు ఉప్పుగాలి ఆ బాక్సులకు ప్రాణం పోసే రిసీవర్ని తినేసింది. మూత తీసి చూస్తే లోపలంతా పచ్చటి తుప్పు. తిరణాల దగ్గర పడింది. పక్క కుప్పం వాళ్ళ సెట్టు మోత గాలివాటున ఇక్కడిదాకా వచ్చి ఎగతాళి చేస్తా ఉంది. కుర్రకారుకు పెద్దయిన చిన్నబాబు అది భరించలేకపొయినాడు. పెద్దకాపును ఒప్పించి, మాల్యాద్రినీ నరసయ్యనూ వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కినాడు.

నరసయ్యను ఎందుకు తీసుకుపొయినారో చెప్పాల. ఆయన కుప్పానికి చెవి. ఎడమచెవి ఎప్పుడో పొయింది, ఏళ్ళ తరబడి పడవ ఇంజను పక్కన కూర్చుంటే మొద్దుబారక ఏమవుతాది? కుడిచెవి మాత్రం బంగారం. నడిసముద్రంలో ఇంజను ఆపిస్తాడు. తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి కుడిచెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు పడవలో దగ్గినా తంతారు. గొరకచేపలు అడుగున గుంపు కట్టి గొరగొరమంటా అరుస్తాయి, ఆ అరుపు తెడ్డు వెంబడి ఎక్కివస్తాది. కాసేపటికి నరసయ్య కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపుతాడు. చాపిన వైపు వల వేస్తారు. ఆ చెవి మీద పడవలో ఉండేవాళ్ళందరి ఇళ్ళల్లో అన్నం ఉడుకుతాది.

మాల్యాద్రి ఆయన బామ్మర్ది, భార్య పోలేరమ్మకు తమ్ముడు. అదే పడవలో చుక్కాని వాడిది. ఎడంచేతివాటం మనిషి, మాట తక్కువ. వాడికి చిట్టి అని ఒక తమ్ముడుండేవాడు. పడవ తిరగబడిన రోజున అన్నదమ్ములిద్దరూ ఒకే ప్లాస్టిక్ డబ్బాను కావిలించుకుని ఈదినారు. ఒడ్డుకు ఒక్కడే వచ్చినాడు. ఆ సంగతి కుప్పంలో ఎవరూ ఎత్తరు. తాగినోడు కూడా ఎత్తడు.

నెల్లూరులో అంగడి నవీద్ అనే కుర్రవాడిది. రెండు రిసీవర్లు బయటపెట్టినాడు. ఒకటి పెట్టెలో ఉండే డబ్బుకు హాయిగా వస్తాది. రెండోది బాగా ఖరీదు. రెండిట్లోనూ ఒకే పాట వేసినాడు.

“రెండిట్లోనూ అదే పాట కదరా! మోత ఉంటే చాలు, ఎందుకు తగలెయ్యడం?” అన్నాడు మాల్యాద్రి.

చిన్నబాబు మొహం మాడిపొయింది. “నరసయ్య మామా, నువ్వు చెప్పు. నీ చెవి కదా.”

నరసయ్యకు కూడా పెద్ద తేడా తెలియలేదు. అదే చెప్పబోయినాడు. ఇంతలో నవీద్, “మీరు సముద్రం వాళ్ళంట గదా అన్నా, ఉండండి,” అని ఫోన్లో ఏదో వెతికినాడు. సముద్రం అడుగున మైకు దించి పట్టిన శబ్దమంట. ముందు చవక దాంట్లో పెట్టినాడు. చాటలో బియ్యం చెరిగినట్టు ఒకటే రొద. తర్వాత ఖరీదు దాంట్లో పెట్టినాడు.

నరసయ్య ఒళ్ళు జలదరించింది. గొరకలు! గొర్, గొర్ర్ర్, గొర్. ఒక్కొక్కటీ విడివిడిగా. ముందర ఒకటి, వెనక గుంపు. ఆయన కుర్చీలోనే కళ్ళు మూసుకుని వెనక కుడివైపుకు చెయ్యి చాపేసినాడు.

“అదుగో, ఆడుండాయి,” అన్నాడు.

చిన్నబాబు పగలబడి నవ్వినాడు. మాల్యాద్రి నవ్వలేదు. “ఇదా బావా నీకు వినబడేది?” అన్నాడు మెల్లిగా.

నరసయ్య తల ఊపినాడు. పెళ్ళయినప్పటి నుంచీ పోలేరమ్మ అడగతానే ఉంది, ఏం వినబడతాదయ్యా ఆ తెడ్డులో నీకు అని. కప్పలా అంటే కాదు, పిల్లి గుర్రుమన్నట్టా అంటే అదీ కాదు. చెప్పడం చేతకాక కసురుకునేవాడు. ఆడవాళ్ళు పడవెక్కరు, ఇంక ఎట్టా వినిపిస్తాడు? ఇప్పుడు షెల్టర్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి వినిపించొచ్చు.

“చిన్నబాబూ, ఇదే కొనాల. ఇంకోటి నాకొద్దు,” అన్నాడు, తన సొంతానికి కొంటున్నట్టు.

కొనాలంటే పెట్టెలో డబ్బు చాలదు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకోనుండాయి. చందా అడిగితే మొహమ్మీదే తలుపేస్తారు. అదే తప్పు పడితే మాత్రం పరువుకుపోయి చెవికమ్మలు కుదువ పెట్టయినా కట్టేస్తారు. అట్టాంటి తిక్క మనుషులు. బస్టాండు దగ్గర టీ తాగతా చిన్నబాబు ఈ మాటే అన్నాడు, అని ఆగిపొయినాడు. వాడి కళ్ళల్లో వెలుగొచ్చింది.

“మామా! ఒక్క కొట్లాట పెడితే?”

“నీ మొహం. ఇద్దరు కొట్టుకుంటే ఎంతొస్తాది?”

“ఇద్దరెందుకు? మీరు బావా బామ్మర్దులు. మీరు కలబడితే రెండువైపులా చుట్టాలు దిగాల్సిందే గదా. మనవాణ్ణి కొడతా ఉంటే చేతులు కట్టుకుని నిలబడే మగాడు కుప్పంలో ఉండాడా? అందరూ తలా ఒక దెబ్బ వేస్తారు, అందరూ తలా ఒక తప్పు కడతారు. పెట్టె నిండతాది!”

మాల్యాద్రి టీ గ్లాసు కింద పెట్టి బావ మొహంలోకి చూసినాడు. ఆ మొహంలో ఆశ చూసి కాదనలేకపొయినాడు పాపం. అక్కడికక్కడే ఒప్పందం జరిగింది. నరసయ్య చిరిగిన వల మీద వంక పెట్టి తిట్టాల. మాల్యాద్రి ఒక్క చెంపదెబ్బ కొట్టాల, అదీ కుడిచేత్తో.

“కుడిచేత్తోనేరా. అప్పుడు నా ఎడమ చెంప మీద పడతాది. ఆ వైపు ఎట్టాగూ చెవుడే. నీ దిక్కుమాలిన ఎడమచెయ్యి లేచిందో, చంపుతా,” అన్నాడు నరసయ్య.

“సరేలే బావా,” అని మాల్యాద్రి తన ఎడమచేతిని లుంగీ మడతలో దాచినట్టు దాచి చూపించినాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున ఒడ్డున వలలు బాగుచేస్తా కుప్పమంతా ఉంది. నరసయ్య మొదలుపెట్టినాడు. వల చింపినోడివి నువ్వంటే, నీ కళ్ళేమైనాయి అని మాల్యాద్రి అన్నాడు. నాటకమాడటం వాడికి పుట్టుకతోనే రాదు, అప్పజెప్పిన పాఠంలాగా అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వినారు. “ఏందయ్యా బావా బామ్మర్దులు, తిరణాలకు డ్రామా వేస్తారా?” అని ఇంకెవరో అరిచినారు. పోలేరమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

నరసయ్యకు మండిపొయింది. ఆ గొరకల మోత చేతికందినట్టే అంది జారిపోతా ఉంది. గొంతు పెంచినాడు, జనం ఇంకా నవ్వినారు. మాల్యాద్రి కూడా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటా ఉండాడు. అది చూసి నరసయ్యకు ఒళ్ళు తెలియలేదు, నోరు జారిపొయింది.

“నవ్వుతావేందిరా సిగ్గులేనోడా! నీ చేతిలో ఏది నిలిచింది గనక వల నిలుస్తాది? సొంత తమ్ముడే నిలవలేదు. వాణ్ణి నీళ్ళలో విదిలించేసి డబ్బా నువ్వు పట్టుకోనొచ్చినావు గదరా!”

నవ్వులు ఆగిపొయినాయి. నరసయ్యకు తాను ఏమన్నాడో తెలిసే లోపలే మాల్యాద్రి మొహం బూడిద రంగుకు మారింది. ఒప్పుకున్నది కుడిచెయ్యి. వచ్చింది ఎడమచెయ్యి.

అరచెయ్యి మొత్తం కుడిచెవి మీద పడింది. టపాకాయ చెవిలో పేలినట్టయింది నరసయ్యకు. కళ్ళ ముందర ఇసక నిలువుగా లేచింది. ఆయన పడతా పడతా మాల్యాద్రి కాలర్ని పట్టుకున్నాడు, ఇద్దరూ వలల మీద దొర్లినారు. మాల్యాద్రి పైకెక్కి కూర్చుని రెండు చేతులతో గుద్దుతా ఉండాడు, నోట్లోంచి మాట లేదు, ఒక మూలుగు మాత్రం. నరసయ్య మోకాలితో వాడి కడుపులో పొడిచినాడు. అది నాటకం కాదు. తప్పంతా తనదేనని తెలిసి కూడా పొడిచినాడు. దెబ్బ తగిలినప్పుడు మనిషికి న్యాయం గుర్తుంటాదా?

ఇంక కుప్పం లేచింది. నరసయ్య అన్నకొడుకులు మాల్యాద్రిని జుట్టు పట్టి లాగినారు. మాల్యాద్రి చిన్నాయన తెడ్డు తిప్పితే ఒకడి మోచెయ్యి పుటుక్కుమంది. వాడి కేక విని ఇళ్ళల్లో ఉండేవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చినారు. కట్టెలు, గడలు, ఏది దొరికితే అది. ఒకాయన నడినెత్తి పగిలి నెత్తురు కంట్లోకి కారతా ఉంటే, కన్ను తుడుచుకుంటా మళ్ళీ దూకినాడు. ఐదేళ్ళ నాటి సరిహద్దు తగాదాలు, పెళ్ళి విందులో పీట వెయ్యని కోపాలు, అన్నీ ఆ పొద్దునే గుర్తొచ్చినాయి జనానికి. చిన్నబాబు మధ్యలోకి వచ్చి, “చాలు, చాలు, ఇంక ఆపండిరా నాయనా!” అని మొత్తుకున్నాడు. వాడి మూతి మీద ఎవరి గుద్దో పడి ముందరి పన్ను రెండు ముక్కలైంది. ఆడవాళ్ళు ఒకరి జుట్టొకరు పట్టుకున్నారు. పోలేరమ్మ ఎవరి వైపూ పోలేదు. మొగుడు ఒక పక్క, తమ్ముడు ఒక పక్క, మధ్యలో చిట్టి పేరు. ఆమె ఇసకలో కూలబడి రొమ్ము బాదుకుంటా ఏడ్చింది.

పెద్దకాపు శంఖం ఊదితే గానీ ఆగలేదు. అప్పటికి ఒడ్డున ఇసక కసాయి అంగడి ముందర ఉన్నట్టుంది.

సాయంత్రం గుళ్ళో తప్పులు కట్టినారు. మూతులు వాచినవాళ్ళు, కుంటేవాళ్ళు, చెయ్యి కట్టించుకున్నవాళ్ళు వరసగా వచ్చి రేకుపెట్టెలో వేసినారు. పెట్టె మూత పడలేదు. చిన్నబాబు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. వాడు గుడి వెనక్కి పొయ్యి, విరిగిన పన్ను ముక్క చేతిలో పెట్టుకుని, వాంతి చేసుకున్నాడు.

నరసయ్య చెవిలోంచి సన్నగా నెత్తురు కారి మెడ మీద ఎండిపొయింది. గీసుకుపొయిందని పోలేరమ్మకు చెప్పబోయినాడు. ఆమె అడిగితే గదా! అన్నం కంచం ముందర పెట్టి మొహం తిప్పుకుని పొయింది. నా తమ్ముడి చావును వీధిలో పరిచినావే అని ఒక్క మాటన్నా తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

మొదట ఆయన అనుకున్నాడు, నీళ్ళు నిండినట్టు నిండింది, దిగిపోతాదిలే అని. దిగలేదు. చెవిలో ఒకటే కీచుమోత. ఎవరూ లేని వేళ చూసి తెడ్డు తీసుకుని ఉప్పుకాలవ దగ్గరికి పొయినాడు. అక్కడ రొయ్యపిల్లలు చిటపటలాడటం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెడ్డు దించినాడు, పిడి కుడిచెవికి ఆనించినాడు, కళ్ళు మూసుకున్నాడు. కీచుమోత. ఇంకా లోతుకు దించినాడు. చెవికి పిడిని నెత్తురొచ్చేదాకా నొక్కినాడు. ఏమీ లేదు. రొయ్య లేదు, నీళ్ళు లేవు, సముద్రమే లేదు. ఆయనకు భయమేసింది. తుఫానులో కూడా ఎరగనంత భయం. ఆ తెడ్డును కాలవ గట్టుకేసి కొట్టినాడు, అది విరిగేదాకా కొట్టినాడు. విరిగినాక కూడా ఆ ముక్కతో తన తలను తానే కొట్టుకున్నాడు. నేనే చేసుకున్నా, నేనే చేసుకున్నా అంటా.

ఎవరికీ చెప్పలేదు. గట్టిగా మాట్లాడితే ఎడమచెవికి కొంచెం అందతాది, దాంతోనూ ఎదుటివాళ్ళ పెదాలు చూసీ నెట్టుకొచ్చినాడు. నిషేధం ముగిసి పడవలు దిగేదాకా ఎవరికీ తెలియదు గదా. అప్పటికి బాగవుతాదేమో. గంగమ్మ దయ.

తిరణాల ముందురోజు నవీద్ స్వయంగా రిసీవర్ని తెచ్చి షెల్టర్లో బిగించినాడు. కుప్పమంతా వచ్చింది. కట్లు కట్టుకున్నవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు, నిన్నటిదాకా చంపుకోబోయింది వీళ్ళేనా అన్నట్టు. పోలేరమ్మ కూడా వచ్చి వెనక గోడ దగ్గర నిలబడింది.

“నరసయ్యన్నా, నువ్వు నడిమధ్య కుర్చీలో కూర్చో. ఇది నువ్వు ఎంచిన మిషను,” అని నవీద్ చెయ్యి పట్టి కూర్చోబెట్టినాడు.

“మా ఇంటిదాన్ని కూర్చోబెట్టు,” అన్నాడు నరసయ్య.

పోలేరమ్మ కదల్లేదు. ఆడవాళ్ళు తోసి తెచ్చి, ఆయన పక్కనే ఇంకో కుర్చీలో పడేసినారు. ఆమె బిర్రుగా, మొగుడి వైపు చూడకుండా కూర్చుంది.

నవీద్ ఫోన్ నొక్కినాడు.

నరసయ్యకు ఎడమచెవిలో లారీ దూరంగా పోతున్నట్టు ఒక గుడగుడ తెలిసింది. అంతే. కుడివైపు కీచుమోత. శబ్దం మొదలైందో లేదో కూడా తెలియక ఆయన పోలేరమ్మ మొహం చూసినాడు. ఆమె కళ్ళు పెద్దవైనాయి. మెడ మెల్లిగా వెనక కుడివైపుకు తిరిగింది, అంగట్లో తాను చెయ్యి చాపిన వైపుకే. నోరు తెరుచుకుంది. కోపం మరిచి మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన తన ఎడమచెవిని ఆమె నోటి దగ్గరికి వంచినాడు.

“ఇదా? ఇన్నేళ్ళుగా నువ్వు వింటా ఉండేది ఇదా?” అని అరిచింది, కళ్ళ నుంచి నీళ్ళు కారతా ఉంటే. “ఎంత బాగుండాదయ్యా! మాట్లాడుకుంటా ఉండారు చూడు, ఇంట్లో మనుషుల్లాగా!”

“ఆ, అదే,” అన్నాడు నరసయ్య. “బాగుందా?”

ఆమె తల ఊపింది. ఇంకా వినాలని మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆయన ఆమె మొహాన్నే చూస్తా కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. జనం అది సంతోషం అనుకున్నారు.

కుడిచెవి మీద ఎవరిదో వెచ్చటి ఊపిరి తగిలింది. తగిలినాక కాసేపటికి ఆయన తిరిగి చూసినాడు. మాల్యాద్రి. ఒక కన్ను ఇంకా వాచి మూసుకునే ఉంది. కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, చెవి దగ్గర ఏదో చెప్తా ఉండాడు, ఎప్పటి నుంచో చెప్తా ఉన్నట్టుంది.

“ఏందిరా?” అన్నాడు నరసయ్య.

మాల్యాద్రి మాట ఆపినాడు. బావ కళ్ళలోకి చూసినాడు, తర్వాత చెవి వైపు చూసినాడు. ఎండిన నెత్తురు చెవి మడతలో ఇంకా ఉంది. వాడు ఎడమచేతిని ఆ చెవి వెనక్కి తీసుకుపొయి, రెండు వేళ్ళు కలిపి చిటికె వేసినాడు. నరసయ్యకు చెయ్యి పోవడం కనబడింది, చిటికె వినబడలేదు. రెప్ప కూడా కదల్లేదు. మళ్ళీ వేసినాడు. మళ్ళీ వేసినాడు.

అప్పుడు వాడు లేచి షెల్టర్ స్తంభం దగ్గరికి పొయి, ఎడమచెయ్యిని ఆ సిమెంటుకేసి కొట్టినాడు. గుద్దు మీద గుద్దు. వేళ్ళ కణుపులు చిట్లి స్తంభం మీద ఎర్రటి మరకలు పడినాయి. జనం అటు తిరిగినారు. పోలేరమ్మ “మాల్యా!” అని కేక వేసింది. పెద్దకాపు అలవాటు కొద్దీ లేచి నిలబడి, తప్పు ఎవరికి వెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. తనను తాను కొట్టుకునేవాడికి కుప్పంలో తప్పు లేదు.

నరసయ్య పొయ్యి ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నెత్తురుకు జారిపోతా ఉంటే గుండెకు అదుముకున్నాడు. బాక్సుల్లో గొరకలు అరస్తానే ఉన్నట్టుంది, జనంలో కొందరు ఇంకా ఆ వైపే చూస్తా ఉండారు.

“చాల్లేరా,” అన్నాడు. “చిట్టిగాడి మాట అన్నందుకు నాకు పడాల్సిన దెబ్బే పడింది. ఈ చెయ్యిని పాడుచేసుకోబాక. పడవలు దిగినాక దీంతోనే నువ్వు తెడ్డు పట్టుకోవాల. ఇంక వినాల్సింది నువ్వే.”